ఫిజియోథెరపీ విద్యార్థుల కర్తవ్యము

పక్షవాతముచే ఒక ప్రక్క పడిపోయిన రోగిని ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చిననాడు బంధువులు మొదట విచారించునది మాత్రల సంగతి. పడిపోయిన చేతిని ఎట్లు కదపవలెను, ఎవరు నిలువబెట్టి నడిపింతురు, ఎన్నాళ్లు సాధన చేయింపవలెను అని అడుగువారు అరుదు. అడిగినను చెప్పువారు దొరకుట మరింత అరుదు. పావురపు నెత్తురు పూయుమని సలహా యిచ్చువారికి మాత్రము కొదువ లేదు! ఇంతలో నెలలు గడచును. మెదడు తిరిగి నేర్చుకొనుటకు మిక్కిలి అనువైన తొలి మాసములు వ్యర్థమగును; కీళ్లు బిగిసికొనును, భుజము జారును. ఔషధముచే ప్రాణము దక్కిన మనిషి మంచముపాలగును.

ఈ దురవస్థను మాన్పగల విద్యను నేర్చుచున్న యువతీయువకులు మన తెలుగు రాష్ట్రములు రెంటను ఎందరో గలరు. పరీక్షలు నెగ్గుటతో తమ విధి తీరినదనియు, వృత్తి ప్రయోజనమును లోకమునకు చాటు భారము గురువులదియు సంఘములదియు ననియు వారిలో పలువురు తలచుచున్నట్లున్నది. ఇది పొరపాటు. ఫిజియోథెరపీ యనిన నూనె రాచి ఒళ్లు పట్టుటయే యని విద్యావంతులు సైతము నమ్ముచుండగా, ఆ విద్య నెరిగినవారు మౌనము వహించుట తగునా?

ఇంగ్లండునందును ఈ వృత్తి ఒకప్పుడు అపోహలకు లోనైనదే. 1894లో మర్దనము పేరిట లండనులో అనాచారగృహములు నడచుచున్నవని వైద్యపత్రిక బయటపెట్టగా, నిజాయితీతో ఆ పని చేయువారికిని అపకీర్తి వచ్చెను. నలుగురు నర్సులు కూడి సంఘము స్థాపించి, శిక్షణమునకును పరీక్షకును నియమములేర్పరచిరి. 1920లో దానికి రాజశాసనము లభించెను. నలుగురే సుమా! మన కళాశాలలలో ఒక్కొక్క తరగతియందు అంతకు ఎన్నో రెట్లు కూర్చుండుచున్నారు.

మన దేశమున 1952 ప్రాంతమున పోలియో విజృంభించినపుడు బొంబాయిలో ఈ విద్యకు పాఠశాల వెలసెను. 1955లో ఫిజియోథెరపిస్టుల సంఘమేర్పడెను. చట్టమో, 2021లో గాని రాలేదు. ఏ వ్యాధి మూలమున ఈ వృత్తి మన దేశమున నాటుకొనెనో, ఆ వ్యాధి చివరి కేసు 2011లో నమోదైన పదేండ్లకు గాని పార్లమెంటునకు తీరిక చిక్కలేదు! ఆరు మాసములలో రాష్ట్రమండలులు ఏర్పడవలెనని ఆ చట్టమే విధించినను, 2024లో సుప్రీంకోర్టు గడువు పెట్టవలసి వచ్చెను.

2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరునకు ముందు ‘డాక్టరు’ అని వ్రాసికొనరాదని కేంద్ర ఆరోగ్యసేవల కార్యాలయము లేఖ వ్రాసి, వెంటనే వెనుకకు తీసికొనెను. విద్యార్థిలోకమున ఎంత కలకలము! ఆ కోరికను మేము నిందింపము. కాని మంచమున పడియున్నవానికి కావలసినది బిరుదు కాదు, లేవదీయు చేయి. బిరుదుకొరకు లేచిన గొంతులో సగమైనను రోగికొరకు లేచినచో మండలులు ఏనాడో వెలసియుండెడివి.

కావున విద్యార్థులారా, పఠనాలయములకు రండు. మీ శాస్త్రమును మాకు తేటతెలుగున చెప్పుడు. ఊరి వైద్యులను కలిసికొని, ఏ రోగిని ఎప్పుడు మీయొద్దకు పంపవలెనో వివరింపుడు. వారిలోను ఎరుగనివారు లేకపోలేదు. శాసనసభ్యుని యొద్దకు పోవునపుడు బిరుదు మాట ఎత్తకుడు. మీ జిల్లా ఆసుపత్రులలో మంజూరైన ఫిజియోథెరపిస్టు ఉద్యోగములెన్ని, ఖాళీగా నున్నవెన్ని, అచటికి వచ్చు పక్షవాతరోగు లెందరు, ఆ లెక్కను కాగితముపై వ్రాసికొని పొండు.