స్టార్ ట్రెకా, ఎక్స్‌పాన్సా, యాండోరా? మా ఓటు బట్టీ కట్టిన ముసలాయనకి



కొంచెం పెద్ద పోస్టు. పరీక్షలున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తర్వాత తీరిగ్గా చదువుకోండి.

మా గదిలో నలుగురం. నెల రోజులుగా రాత్రి అన్నాలయ్యాక ఒకటే గొడవ. అంతరిక్షం సీరియళ్ళలో ఏది గొప్పది? ఒకరిది యాండోర్. ఇంకొకరిది ఎక్స్‌పాన్స్, దాని మీద ఈగ వాలనివ్వరు. మూడో మనిషికి పాత స్టార్ ట్రెక్ పిచ్చి. నాలుగో మనిషికి ఓడలు పేలితే చాలు, ఏదైనా ఒకటే. గ్రాఫిక్స్ దగ్గర మొదలై అరుపుల దాకా వెళ్ళి, పక్క గది అన్న వచ్చి తలుపు కొట్టేదాకా నడిచేది.

ఒకరోజు అనుకోకుండా ఒక సంగతి గమనించాం. మేం కొట్టుకుంటున్న సీరియళ్ళన్నిటిలో ఎక్కడో ఒకచోట జనాన్ని తమ చోటు నుంచి కదిలించే కథ ఉంది. ఊరు ఖాళీ చేయమనే కథ. అంతరిక్షంలోకి వెళ్ళినా ఇది తప్పలేదన్నమాట. సరే, అయితే కొలత అదే పెట్టుకుందాం అనుకున్నాం. ఖాళీ చేయించేటప్పుడు కథ ఎవరి పక్కన నిలబడింది? వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఊరివాళ్ళు ఇంకా మనుషులుగా మిగిలారా, లేక సీనుతో పాటే అయిపోయారా? ఈ కొలతతో చూస్తే మా ర్యాంకులన్నీ తారుమారయ్యాయి.

ముందు స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్. 1994లో వచ్చిన 'జర్నీస్ ఎండ్' అనే ఎపిసోడ్ మన గురించే తీశారా అనిపిస్తుంది. ఉత్తర అమెరికా ఆదివాసుల వారసులు కొందరు భూమి వదిలి వెతుక్కుంటూ వెళ్ళి, డోర్వాన్ అనే గ్రహం మీద ఊరు కట్టుకుంటారు. రెండు పెద్ద రాజ్యాలు సంధి చేసుకుని సరిహద్దు గీత జరిపితే ఆ గ్రహం అవతలి పక్కకి పోతుంది. వీళ్ళని లేపేయమని కెప్టెన్ పికార్డ్‌కి ఆర్డర్ వస్తుంది. గీత గీసినవాళ్ళు ఆ ఊరు చూసింది లేదు. ఇక్కడిదాకా అద్భుతం. 1680లో న్యూ మెక్సికోలో ప్యూబ్లో ప్రజలు స్పానిష్‌వాళ్ళ మీద చేసిన తిరుగుబాటు కూడా కథలోకి వస్తుంది. ఆ తర్వాత జరిగిన ప్రతీకారంలో పికార్డ్ పూర్వీకుడొకడు ఉన్నాడని ఊరిపెద్ద చెబితే ఆయన ముఖం మాడిపోతుంది.

కానీ తర్వాత ఏం చేశారు? కథనంతా తీసుకెళ్ళి వెస్లీ అనే ఓడ కుర్రాడి చేతిలో పెట్టారు. వాడికి చదువు మీద విరక్తి, జీవితంలో అయోమయం. ఊరివాళ్ళ ఆచారాల్లో వాడికి దారి దొరుకుతుంది. వాడికి దారి చూపించిన ఆదివాసీ పెద్దమనిషి ఆఖర్లో అసలు ఆదివాసీయే కాదని, వేషం వేసుకున్న వేరే లోకపు ప్రయాణికుడని తేలుతుంది. ఊరివాళ్ళు అవతలి రాజ్యం కింద అక్కడే ఉంటామని ఒప్పుకుంటారు. ఓడ వెళ్ళిపోతుంది. ఆ ఎపిసోడ్ అయ్యాక మనకి గుర్తుండేది వెస్లీ.

వేషం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 1995లో మొదలైన వాయేజర్‌లో చకోటే అనే ఆదివాసీ ఆఫీసర్ ఉంటాడు. ఏ తెగ అంటే సరిగ్గా చెప్పరు, అన్ని తెగల నుంచీ తలా కాస్త తెచ్చి కలిపారు. ఆ పాత్ర కోసం సలహాదారుగా పెట్టుకున్న జమాకే హైవాటర్ అసలు ఆదివాసీ కాదు. ఆ సంగతి 1984లోనే పత్రికల్లో బయటపడింది. అంటే పదేళ్ళ ముందే! బోగస్ ఎస్టీ సర్టిఫికెట్ మన జిల్లాలకే పరిమితం అనుకున్నాం, హాలీవుడ్ దాకా పోయిందని తెలిసి ఆ రాత్రి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఇక యాండోర్. 2022లో వచ్చిన మొదటి సీజన్‌లో 4 నుంచి 6 దాకా ఎపిసోడ్లు ఆల్దానీ అనే కొండప్రాంతంలో జరుగుతాయి. దానీలు అక్కడి పాత జనం. వాళ్ళ పవిత్రమైన లోయలో సామ్రాజ్యంవాళ్ళు డ్యామ్ కట్టి, అందులో ఖజానా పెట్టారు. (షూటింగ్ కూడా స్కాట్లాండ్‌లో నిజం డ్యామ్ దగ్గరే చేశారు.) అక్కడి కమాండెంట్ పైనుంచి వచ్చిన ఆఫీసర్‌కి ఎంత గర్వంగా చెబుతాడో చూడండి. కొండల మీద ఉన్నవాళ్ళని కిందికి, ఫ్యాక్టరీలు కొత్త ఇళ్ళు ఉన్న చోటికి దించారట. లోయకి నడిచొచ్చే యాత్రని నిషేధించలేదట. దారిపొడుగునా విశ్రాంతి చోట్లు, చవకగా తాగే చోట్లు పెట్టారట. ప్రతిసారీ సగంలో ఆగిపోయేవాళ్ళు పెరుగుతున్నారట. తుపాకీ తీయకుండా ఒక జాతరని ఎలా ఖాళీ చేయొచ్చో ఇంత చల్లగా చెప్పిన సీను మేం ఇంకెక్కడా చూడలేదు. నాగోబా కోసం గోదావరి నీళ్ళు తేవడానికి మెస్రం వంశంవాళ్ళు రోజుల తరబడి నడిచేది గుర్తొచ్చి మాలో ఆదిలాబాద్ మనిషి వీడియో ఆపేశాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ ఒక్క సీనుకే యాండోర్‌కి మొదటి ర్యాంకు ఇచ్చేద్దామనుకున్నాం. కానీ ఒక లోటు. దానీల గొర్రెల కాపరుల వేషం వేసుకుని తిరిగేది తిరుగుబాటుదారులు. ఖజానా దోచేది వాళ్ళే, చచ్చిపోయేది వాళ్ళే, మనం ఏడ్చేది వాళ్ళ కోసమే. వాళ్ళ పండగని అడ్డం పెట్టుకుని ఇంత పని జరిగాక ఆ యాత్రకి వచ్చిన జనం మీద ఏం పడింది? కథ మళ్ళీ అటు తిరగదు. సామ్రాజ్యానికి వాళ్ళ పండగ ఒక అడ్డు, తిరుగుబాటుకి అదే పండగ ఒక చాటు. రెండు పక్షాల్లో ఎవరూ వాళ్ళని అడగలేదు. మన అడవుల్లో ఈ మాట ఎవరికి అర్థం కాదు చెప్పండి?

ఎక్స్‌పాన్స్ ఇక్కడే మేలు. 2015 చివర్లో మొదలై 2022 జనవరిలో ముగిసింది, ఆరు సీజన్లు. మధ్యలో 2018లో ఒక ఛానల్ ఆపేస్తే అమెజాన్ తీసుకుంది. గ్రహశకలాల్లో పనిచేసే బెల్టర్లకి నీళ్ళూ గాలీ రేషనే. గురుత్వం తక్కువ చోట పెరిగిన ఎముకలు భూమి మీద నిలబడలేవు. మొదటి ఎపిసోడ్‌లోనే పట్టుబడిన బెల్టర్‌ని భూమి మీద ఊరికే నిలబెట్టి హింసిస్తారు. కర్ర అక్కర్లేదు, మన నేల బరువే చాలు. ఆ ప్రశ్నలు అడిగేది పట్టుచీర కట్టుకున్న అవసరాల అనే పెద్దావిడ. అవసరాల మన తెలుగు ఇంటిపేరే కదా! సంతోషించాలో లేదో తెలియలేదు. (తర్వాత తర్వాత ఆవిడే మా అందరికీ ఇష్టమైన పాత్ర అయింది, అది వేరే సంగతి.)

బెల్టర్లలో మంచోళ్ళున్నారు, దుర్మార్గులున్నారు, వాళ్ళలో వాళ్ళకే పడని గుంపులున్నాయి. ఇది చాలా పెద్ద విషయం. మనల్ని సినిమాల్లో చూపిస్తే అమాయకులం లేదంటే భయపెట్టేవాళ్ళం, మధ్యలో ఏమీ ఉండదు. నాలుగో సీజన్‌లో కాందిశీక బెల్టర్లు ఒక కొత్త గ్రహం మీద దిగి లిథియం తవ్వుకుంటుంటే, భూమి ఇచ్చిన పత్రం పట్టుకుని కంపెనీ ఓడ దిగుతుంది. వీళ్ళు ఇలస్ అని పిలుచుకున్న నేలని వాళ్ళు న్యూ టెర్రా అంటారు. సగం గొడవ ఆ పేరులోనే ఉంది.

బెల్టర్ల భాషని నిక్ ఫార్మర్ అనే భాషావేత్త తయారుచేశాడు. లేని జనానికి భాష కట్టడం, దాన్ని అభిమానులు కూర్చుని నేర్చుకోవడం! స్టార్ ట్రెక్ క్లింగాన్ అయితే డ్యుయోలింగోలో ఉంది. గోండి లేదు, కోయ లేదు. ఒక్క ఊరట ఏంటంటే, క్లింగాన్ లిపిని యూనికోడ్‌వాళ్ళు 2001లో తిరస్కరించారు, మన గుంజాల గోండి లిపిని 2018లో చేర్చుకున్నారు. ఆ ఒక్క మ్యాచ్ మనం గెలిచాం.

అయినా మా మొదటి ర్యాంకు ఎక్స్‌పాన్స్‌కి కాదు. గదిలో అందరూ బోర్ అని పక్కన పడేసిన డీప్ స్పేస్ నైన్‌కి. అందులో మొదటి సీజన్‌లో, 1993లో వచ్చిన 'ప్రోగ్రెస్' అనే ఒక్క ఎపిసోడ్‌కి. అందులో ఓడలు పేలవు. ముందే చెబుతున్నాం.

బజోర్ అనే లోకాన్ని కార్డాసియన్లు దాదాపు యాభై ఏళ్ళు ఆక్రమించి, ఖనిజం తవ్వించుకుని, జనంతో వెట్టి చేయించుకుని వెళ్ళిపోయారు. మేజర్ కీరా చిన్నప్పుడే ఆ పోరాటంలోకి వెళ్ళిన మనిషి. ఇప్పుడు స్వతంత్రం వచ్చింది, ఆమె యూనిఫాం వేసుకున్న ఆఫీసర్. బజోర్‌కి జెరాడో అని ఒక చందమామ ఉంది. దాని లోపలి వేడిని తోడి కరెంటు తీస్తే చలికాలంలో సొంత జనం ఇళ్ళు వెచ్చగా ఉంటాయి. కానీ అక్కడి గాలి విషమైపోతుంది, అందరూ ఖాళీ చేయాలి. అందరూ వెళ్ళారు. ముల్లిబాక్ అనే ముసలాయన, ఆయనతో ఉన్న మాటలు రాని ఇద్దరు మాత్రం కదల్లేదు. కార్డాసియన్ల క్యాంపు నుంచి పారిపోయి వచ్చి తన చేతులతో కట్టుకున్న ఇల్లు అది. ఆయన్ని తీసుకురమ్మని కీరాని పంపుతారు.

ఆమె వెళ్తుంది. ఆయన తిండి పెడతాడు, కబుర్లు చెబుతాడు, కోతలు కోస్తాడు. ఇంటి ముందు ఒక బట్టీ కట్టడం మొదలుపెట్టి ఉంటాడు. బలవంతంగా లేపడానికి వచ్చినవాళ్ళతో కలబడి గాయపడతాడు. కీరా అక్కడే ఉండిపోయి, సేవ చేసి, ఆ బట్టీ తానే పూర్తి చేస్తుంది. పై అధికారి సిస్కో వచ్చి మెల్లగా చెప్పేదాని సారం ఇది: ముసలాయన సంగతి ఎప్పుడో తేలిపోయింది, తేలాల్సింది నీ సంగతే. ఆఖర్న ఆయన, ఈ ఇల్లు ఉన్నంతకాలం నేను కదలను అంటాడు. కీరా తను పూర్తి చేసిన బట్టీని తన తుపాకీతోనే పేల్చేసి, ఇల్లు తగలబెడుతుంది. ఇక్కణ్ణుంచి తీసుకెళ్తే చచ్చిపోతానంటాడు ఆయన. చావవు అంటుంది ఆమె. అంతే, అయిపోయింది.

మేం మొదటిసారి చూసినప్పుడు కీరా మీద కోపమొచ్చింది. రెండోసారి చూశాక భయమేసింది. ఎందుకంటే ఇందులో శత్రువు లేడు. కార్డాసియన్లు వెళ్ళిపోయారు. ప్రభుత్వం సొంతది, కరెంటు సొంత జనానికే, ఇల్లు కాల్చింది సొంత మనిషి. ముల్లిబాక్‌ని ఏ గ్రామసభా పిలిచి అడగలేదు. మనకి 1996 నుంచి పెసా చట్టం ఉంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టు కోసం భూమి తీసుకునే ముందు సంప్రదించాలని అందులో రాసుంది. కాగితం మీదైనా అంతరిక్షం కంటే మనం ముందున్నాం. మిగతాది మీకు తెలుసు.

మనం ఎందుకు చదువుతున్నాం? ఈ హాస్టళ్ళలో ఎవర్ని అడిగినా గ్రూప్-1, గ్రూప్-2, ఎస్సై, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ అంటారు. తప్పేం లేదు, మేమూ అంతే. ఐతే రేపు ఏ కొండ మీద ఊరికో నోటీసు వెళ్ళాల్సి వస్తే ఎవర్ని పంపుతారు? నీకు వాళ్ళ భాష వచ్చు కదా, నువ్వెళ్ళి నచ్చజెప్పు అని మనల్నే. మిగతా సీరియళ్ళలో మనం చూసుకునేది ఊరివాళ్ళలో. ఇందులో చూసుకోవాల్సింది యూనిఫాంలో.

మాలో ఒకరి ఊరు ఒక ప్రాజెక్టు ముంపులో పోయింది. కాలనీలో ఇల్లొచ్చింది. వాళ్ళ తాత పాత ఇంటి తలుపు చెక్కలు, దూలాలు ఊడదీసి ట్రాక్టర్ మీద తెచ్చుకున్నాడు. అవి కాలనీ ఇంటికి సరిపోవు. ఇంటి వెనక పేర్చి పైన పట్టా కప్పారు, ఇంకా అక్కడే ఉన్నాయి. ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళలో కోయ మాట్లాడే సారు ఒకాయన ఉన్నాడట. మంచంలో కూర్చుని, కల్లు తాగి, మెల్లగా మాట్లాడి ఒప్పించాడట. ఊరంతా మిగతావాళ్ళని తిట్టింది, ఇప్పటికీ తిడుతుంది. తాత మాత్రం ఆయన్ని ఒక్క మాట అనడు. "గట్టు లెక్క చూస్తే నాకు అల్లుడి వరస అవుతాడు" అంటాడు. ఆ సారు ఆ రాత్రి ఇంటికెళ్ళి ఏం ఆలోచించుకున్నాడో మాకు తెలియదు. కీరా ముఖం చూశాక మొదటిసారి అడగాలనిపించింది.

ఉద్యోగం వదిలేయాలా? కీరా కాకపోతే ఇంకొకరు వచ్చి, బట్టీ కట్టకుండానే ఇల్లు కాల్చేవారు కదా? మా నలుగురిలో ఇద్దరిది ఈ మాట. మిగతా ఇద్దరు ఒప్పుకోరు. మెల్లగా మాట్లాడే మన మనిషి వల్లే పని సులువుగా అయిపోతుంది, అందుకే పంపుతారు అంటారు. మూడు రాత్రులు గడిచినా తేలలేదు.

అన్నట్టు అదే ఎపిసోడ్‌లో పక్క కథగా ఇద్దరు కుర్రాళ్ళు సరుకులు మార్చుకుంటూ, దేనికి పనికొస్తాయో ఎవరికీ తెలియని బోల్టులు ఇచ్చి, చివరికి కాస్త భూమి సంపాదిస్తారు. అందులో ఒకడు భూమా, ఉత్త మట్టే కదా అని ముఖం చిట్లిస్తాడు. నవ్వించడానికి పెట్టారు గానీ ముసలాయన పక్కన పెట్టి చూస్తే నవ్వు రాదు.

కాబట్టి మా వరస: డీప్ స్పేస్ నైన్, ఎక్స్‌పాన్స్, యాండోర్, బాగా వెనక నెక్స్ట్ జనరేషన్. వాయేజర్‌కి సర్టిఫికెట్ వెరిఫికేషన్ పెండింగ్. యాండోర్ అభిమానులకి కోపమొస్తుందని తెలుసు. ముందు 'ప్రోగ్రెస్' చూడండి, ముప్పావు గంట. చూసి ఆదివారం సాయంత్రం మా గదికి రండి, టీ మాది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా వస్తే ఇంకా మంచిది. మిమ్మల్ని అడగాల్సినవి ఉన్నాయి.