తాళంచెవి ఎవరి పేరున ఉంది?



సభ్యుల దుకాణాలన్నిటికీ ఒక్కసారిగా వెబ్‌సైట్లు చేయిద్దాం, పేమెంటు, మ్యాపు, వాట్సాప్ మెసేజీలు, కొరియర్, అనువాదం అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా ఒకరికే అప్పజెబుదాం అన్న ప్రతిపాదన నెల రోజులుగా మన గ్రూపులో తిరుగుతోంది. చాలామంది చదవకుండానే బొటనవేలు ఎత్తేశారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం కూడా పెడతారట. వెబ్‌సైట్లకు మేము అడ్డు కాదు. ఈ ప్యాకేజీ కాగితం రాసిన తీరుకు మాత్రం గట్టిగా అడ్డు చెబుతున్నాం. ఎందుకో రాస్తున్నాం, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఈ ఏపీఐ అనే మాట సంగతి. చిక్‌పేటలో చీరల కొట్టు నడిపేవాళ్లకి ఇదేం కొత్త విద్య కాదు. గిరాకీ చీర తీసుకుని మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ అడుగుతుంది. మన దగ్గర ఉండదు. కుర్రాణ్ణి పక్క కొట్టుకి పంపి తెప్పిస్తాం. ఆమె లెక్కలో అది మన కొట్లో కొన్నదే. వెబ్‌సైట్లో ఆ కుర్రాడి పని చేసేది ఏపీఐ. డబ్బు కోసం పేమెంట్ గేట్‌వే దగ్గరికి, దారి చూపడానికి మ్యాపు కంపెనీ దగ్గరికి, పార్సిల్ ఎక్కడుందో చెప్పడానికి కొరియర్ దగ్గరికి పరిగెత్తి జవాబు తెస్తుంది. అక్కడ "ఫలానా కొట్టు నుంచి వచ్చాను" అని చూపే గుర్తే ఏపీఐ కీ. ఆ గుర్తు మీద ఎంత వాడితే అంత పద్దు, ఆ కీ ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు కాగితంలో ఏముందో చూడండి. కీలన్నీ ప్యాకేజీ ఇచ్చేవారి పేరున ఉంటాయి. డొమైను కూడా వారి పేరుననే. అన్ని దుకాణాల ఆన్‌లైన్ డబ్బూ ఒకే ఖాతాలో పడి, వారానికోసారి ఎవరిది వారికి పంచుతారు. మన దుకాణానికి షట్టర్ వేసి, తాళంచెవి, గల్లాపెట్టె రెండూ వేరేవాళ్ల ఇంట్లో పెట్టి రావడం ఇది.

డబ్బు సంగతే ముందు తేల్చుకుందాం. ఆన్‌లైన్‌లో పదిమంది వ్యాపారుల తరఫున డబ్బు వసూలు చేసి వాళ్లకి పంచడాన్ని పేమెంట్ అగ్రిగేటర్ పని అంటారు. దీని మీద రిజర్వు బ్యాంకు 2020 మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బ్యాంకు కానివాళ్లు ఆ పని చేయాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. మన సంఘానికి గానీ, ఈ ప్యాకేజీ ఇచ్చేవారికి గానీ ఆ అనుమతి ఉందని కాగితంలో ఎక్కడా లేదు. "చిట్టీ వేసుకున్నట్టే కదా" అని ఒక పెద్దాయన గ్రూపులో రాశారు. చిట్టీలకీ చట్టం ఉంది, అది 1982 నాటిది. ప్రతి సభ్యుడూ తన పాన్, తన బ్యాంకు ఖాతాతో తన గేట్‌వే ఖాతా తానే తెరుచుకుంటే ఈ చిక్కే ఉండదు. అదేమంత కష్టమైన పని కూడా కాదు.

రెండోది "అన్నీ ఫ్రీ" అన్న మాట. గూగుల్ మ్యాప్స్‌ని ఏళ్ల తరబడి చిన్న సైట్లన్నీ ఉచితంగానే వాడాయి. 2018 జూలైలో పద్ధతి మారింది. కీ, దానికి జోడించిన బిల్లింగ్ ఖాతా తప్పనిసరి అయ్యాయి. అవి లేని సైట్లలో మ్యాపు నల్లబడి, దాని మీద నీటిగుర్తు వచ్చి కూర్చుంది. ఆ సైట్లు కట్టినవాళ్లు ఎప్పుడో వేరే ఊళ్లకి వెళ్లిపోయి ఉంటే యజమానులు ఎవర్ని అడగాలి? గూగుల్ అనువాదం ఏపీఐదీ అదే కథ. 2011 మేలో దాన్ని మూసేస్తామన్నారు, గోల లేచాక డబ్బు కట్టి వాడుకోమన్నారు. తెలుగు, కన్నడం గూగుల్ అనువాదంలోకి వచ్చింది సరిగ్గా ఆ జూన్‌లోనే. ఉచితంగా ఇచ్చినవాడు రేపు మానేయవచ్చు, ధర పెట్టవచ్చు. అది వాడి హక్కు. మన కొట్టు ఎక్కడుందో చూపడానికి ఒక లింకు చాలు, దానికి పైసా ఖర్చు లేదు. ఆ పనికి ఖరీదైన మ్యాపు ఏపీఐ ఎందుకని ఒక్కరైనా అడిగారా?

మూడోది భద్రత. గేట్‌వే కీల్లో ఒకటి బయట కనిపించేది, ఇంకొకటి రహస్యమైనది. రహస్యమైనది సర్వర్లోనే ఉండాలి. దాన్ని పేజీలోనే రాసి పెట్టిన సైటు మేము చూశాం. పేజీ సోర్స్ తెరిచి చూస్తే ఎవరికైనా దొరుకుతుంది. ఇంకో సైటులో "పేమెంట్ సక్సెస్" పేజీ తెరుచుకుంటే చాలు, ఆర్డరు ఖాయమైనట్టే రాసుకుంటోంది. ఆ పేజీ చిరునామా తెలిసినవాడు డబ్బు కట్టకుండానే చీర తెప్పించుకోగలడు. డబ్బు నిజంగా పడిందని గేట్‌వే నేరుగా మన సర్వర్‌కి సంతకంతో కబురు పంపుతుంది. ఆ సంతకం సరిచూసుకున్నాకే సరుకు కదలాలి. ఇది కాగితంలో రాయమని అడిగితే "అవన్నీ టెక్నికల్" అన్నారు. నోటు వెలుతురుకి పట్టి చూడటం మన తాతల నాటి నుంచీ ఉంది, అదీ టెక్నికలేనా?

2024 జూన్‌లో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకుందాం. పాలీఫిల్ అనే సైటు నుంచి లక్షకు పైగా వెబ్‌సైట్లు ఒక చిన్న కోడు తెచ్చుకుని వాడుతున్నాయి. ఆ డొమైను చేతులు మారింది. ఆ తర్వాత అదే దారిలో దొంగ కోడు వచ్చి, చూడటానికి వచ్చినవాళ్లని చెత్త సైట్లకి మళ్లించింది. పక్క కొట్టు యజమాని మారాడని తెలియకుండా కుర్రాణ్ణి రోజూ అక్కడికే పంపితే జరిగేది ఇదే.

ఇక అసలు మాటకి వద్దాం. "మనవాడే కదా, మనవాణ్ణే అనుమానిస్తామా" అన్నది అందరి నోటా వస్తున్న వాదన. మన పిల్లలకే పని ఇవ్వాలి, అందులో మాకు రెండో మాట లేదు. ఈ ఊరికి వచ్చి తరాలు గడిచినా మనం నిలబడింది ఒకరికొకరు పని చూపించుకునే. కానీ ఆ పిల్లవాడికి రేపు పూణేలోనో అమెరికాలోనో ఉద్యోగం వస్తే? ఒంట్లో బాగోక మూడు నెలలు మంచం పడితే? కీలన్నీ అతని ఫోను ఓటీపీ మీదే ఆధారపడి ఉంటే దసరా సీజన్లో నలభై దుకాణాలు ఒక్కసారి మూతపడతాయి. అప్పుడు తిట్లు తినేది అతనే. కీ మన పేరున ఉంచుకుని, అతనికి పనిచేసే అనుమతి మాత్రం ఇస్తే అతని మీదా బరువు తగ్గుతుంది. అన్నదమ్ముల మధ్య కూడా పంపకాల కాగితం రాసుకునే మనం ఇక్కడ మొహమాటపడటం ఏమిటి?

గిరాకీల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఈ ఏపీఐల ద్వారా నాలుగు చోట్లకి వెళతాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఆ పని ఇంకొకరికి అప్పగించినా బాధ్యత వ్యాపారిదే. "వాళ్లు చూసుకుంటారనుకున్నాం" అంటే చెల్లదు.

అనువాదం గురించి ఒక్క మాట. బోర్డు కన్నడంలో, లెక్క తెలుగులో, బిల్లు ఇంగ్లీషులో నడుపుకొచ్చినవాళ్లం మనం. చీర పల్లూని "పళ్లు" చేసి పెట్టే యంత్రం మనకి భాష నేర్పాలా? పాతిక వాక్యాలు తెలుగులో, కన్నడంలో రాసిపెట్టడానికి మన మాస్టార్లు లేరా? రోజూ మారే సరుకు వివరాలకి యంత్రం కావాలంటే వాడండి, అచ్చయ్యే ముందు ఒక మనిషి చదవాలి.

"అయితే ఏ ఏపీఐ వద్దంటారా" అని అడుగుతారు. గేట్‌వే ఎవడికి వాడు కట్టుకోలేడు, కొరియర్ ట్రాకింగూ అంతే. పక్క కొట్టు అవసరమే, అది మూసి ఉన్న రోజు ఏం చేస్తామో ముందే రాసుకోవాలి. గేట్‌వే పనిచేయకపోతే ఫోన్ నంబరు, యూపీఐ క్యూఆర్ కనిపించాలి. మ్యాపు రాకపోతే "ఫలానా గుడి ఎదురుగా" అన్న చిరునామా కనిపించాలి.

తీర్మానానికి చేయెత్తే ముందు ఈ అయిదూ కాగితంలో చేర్చమని పట్టుబట్టండి.

1. డొమైను, కీలు, బిల్లింగ్ ఖాతాలు ప్రతి సభ్యుడి సొంత పేరున, సొంత ఈమెయిల్ మీద ఉండాలి.

2. గేట్‌వే డబ్బు నేరుగా ఆ సభ్యుడి బ్యాంకు ఖాతాకే రావాలి.

3. ప్రతి కీ మన సైటుకో, మన సర్వర్‌కో మాత్రమే పనిచేసేలా కట్టడి చేసి, రోజువారీ వాడకానికి హద్దు పెట్టాలి. బడ్జెట్ అలర్టు ఒక్కటే చాలదు, అది ఈమెయిల్ పంపుతుంది గానీ వాడకాన్ని ఆపదు.

4. ఏ సేవకి గిరాకీల ఏ సమాచారం వెళుతుందో జాబితా ఇవ్వాలి.

5. పని చేసినవారు తప్పుకుంటే 15 రోజుల్లో అన్నీ అప్పజెప్పాలి.

ఇవి రాస్తే మొదట చేయెత్తేది మేమే. రాయకపోతే మా ఓటు వ్యతిరేకంగానే పడుతుంది. మినిట్స్‌లో మా పేర్లతో సహా రాయించుకుంటాం.