‘వర్తించదు’ అంటే ఊరుకోవడమేనా?

‘ఇది వారంటీలోకి రాదమ్మా!’ షోరూములో ఈ ఒక్క మాటకే మనలో చాలామందికి నోరు పెగలదు. మా నరసన్నపేటలో నేను చూస్తున్నదీ అదే. మిక్సీ అయినా, లక్షలు పోసి కొన్న హైబ్రిడ్ కారైనా తంతు ఒక్కటే. బ్యాటరీ పాడైతే ‘మీ వాడకంలోనే లోపం’ అనేస్తారు. సరే, ఆ ముక్కేదో కాగితం మీద రాసిమ్మనండి! సర్వీసు బిల్లులన్నీ దాచుకోండి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ దారికి రాకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది.

కారు విశాఖలో కొన్నా ఫర్వాలేదు. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్నచోటే ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్ల గడువు మాత్రం దాటనివ్వకూడదు. లాయరు లేకున్నా మన గోడు మనమే వినిపించుకోవచ్చు. బిల్లు ఆయన పేరున ఉందనా సందేహం? ఆయన సమ్మతితో వాడుతున్న మనమూ చట్టం దృష్టిలో వినియోగదారులమే. కూరగాయల దగ్గర రూపాయికి బేరమాడే మనకు లక్షల దగ్గర మొహమాటమెందుకు?