ఎంపిక యెవరిది? నష్టభారం యెవరిది?

మొన్న ఎడ్లపాడులో నలుగురు ఉపాధ్యాయులం కూర్చున్నప్పుడు ఒక యువమిత్రుడన్నాడు: "పాత పింఛను యిక రాదు మాస్టారూ. నినాదాలు కట్టిపెట్టి, మన సొమ్ము వాటాల్లో యెంత, బాండ్లలో యెంత పెట్టాలో నేర్చుకుందాం. కేంద్రోద్యోగులకు 2019లోనే ఆ స్వేచ్ఛ యిచ్చారు."

ఇది అతనొక్కడి మాటే అయితే వ్రాయవలసిన పని లేదు. అభ్యుదయవాదులమనుకునే వారిలోనూ యీ ధోరణి వ్యాపిస్తున్నది. కావున పరిశీలించక తప్పదు.

నేను 2004 సెప్టెంబరు 1 తర్వాత కొలువులో చేరినవాణ్ణి. అనగా పాత పింఛను గీతకు అవతలివాణ్ణి. మూలవేతనంలోనూ కరువుభత్యంలోనూ నూటికి పది నెలనెలా కోత పడుతుంది. ప్రభుత్వం తన వాటా కలిపి మార్కెట్టుకు పంపుతుంది.

మిత్రుని వాదంలో బొత్తిగా పస లేదనను. దీర్ఘకాలంలో వాటాలు బాండ్లకన్న పెరగవచ్చు. 35వ యేట వరకు సగం వాటాల్లో వుంచి, 55 నాటికి పదోవంతుకు తగ్గించే పద్ధతి వున్నది. అది కొంత విరుగుడే.

కాని తర్వాత? 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అక్టోబరుకు 9 వేల దిగువకు కూలింది. పోనీ, బాండ్లే క్షేమమా? అత్యుత్తమ శ్రేణి ముద్ర వేయించుకున్న ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 2018లో చేతులెత్తేసినప్పుడు పింఛను నిధుల సొమ్మూ అందులో చిక్కుకున్నది. అసలు సంగతి మరొకటి. విరమణనాడు కనీసం నూటికి 40 పాళ్ల నిధితో యాన్యుటీ కొనాలి. ఆనాటి వడ్డీని బట్టి నెలసరి సొమ్ము తేలుతుంది. దానికి కరువుభత్యం లేదు. కందిపప్పు ధర పెరుగుతుంది, పింఛను పెరగదు. ఏ నిధిని యెంచుకున్నా ఆ గుమ్మం దాటవలసిందే.

పింఛను దయాధర్మం కాదు, హక్కు అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అది బాకీ. బాకీపడ్డవాడు లాటరీ టిక్కెట్టు చేతిలో పెట్టి "నీ అదృష్టం నువ్వే చూసుకో" అంటే, దానికి స్వేచ్ఛ అని పేరా?

చిలీలో 1981లో పినోచే ప్రభుత్వం కార్మికుల పింఛన్లను ప్రైవేటు నిధుల పాలు చేసింది. తన సైన్యాన్ని మాత్రం మినహాయించింది. మార్కెట్టు అంత భద్రమైతే తుపాకీ వున్నవాడికి మినహాయింపు దేనికి?

ఇక "రాదు" అన్న మాట. 2023లో మన శాసనసభే చివరి మూలవేతనంలో సగానికి హామీ యిస్తూ చట్టం చేసింది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఏకీకృత పింఛను తెచ్చింది. ఇవి పాత పింఛనుకు సాటిరావు. అయినా, అసాధ్యమన్న హామీని చట్టంలోకి యెక్కించింది వాటాల ధరల పట్టిక చదివినవాడు కాదు, రోడ్డెక్కిన ఉద్యోగి.

మన లోపమూ చెప్పుకోవాలి. ఎడ్లపాడు చుట్టూ నూలు మిల్లులున్నాయి. ఆ కార్మికుల పింఛను పథకంలో కనీస మొత్తాన్ని 2014లో వెయ్యి రూపాయలు చేశారు. పదేళ్లు దాటినా అది వెయ్యి దగ్గరే నిలిచిపోయింది. మన సగం జీతం గురించి అరిచినంతగా ఆ వెయ్యి గురించి యెన్నడైనా నోరు విప్పామా?

మిత్రమా, లెక్కలు నేర్చుకో; వున్నంతలో తెలివిగానే యెంచుకో. కాని ఎంపిక దొరికిందని హామీ అడగటం మానకు. అడిగేటప్పుడు మిల్లు కార్మికుణ్ణి పక్కన నిలబెట్టుకో. అతను లేని వూరేగింపు మన ఒక్క కొలువుదారుల బేరంగానే మిగిలిపోతుంది.