గట్టు మీద అంతర్జాతీయ బేరం

కైకలూరు చెరువు గట్టున రైతు చెక్ ట్రే పైకెత్తి మేత మిగిలిందా అని చూస్తాడు. రొయ్య మేత పూర్తిగా తింటే ఊరట. కానీ మేత ధర, పిల్ల ధర, పట్టుబడి ధర మూడూ అతని చేతిలో లేవు.

మన దేశంలో వనామీ రకం రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు ముఖ్యంగా అమెరికా నుంచి విమానంలో దిగి, చెన్నైలో క్వారంటైన్ దాటాకే హేచరీలకు చేరతాయి. మేతలో కలిపే సోయా పిండి ధర మండిపోతే 2021లో కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించింది. కొనేవాళ్లలోనూ అమెరికాదే పెద్ద వాటా. 2025 ఆగస్టు 27న అక్కడి అదనపు సుంకం 50 శాతానికి చేరింది. కిలోకు 30 తూగే పెద్ద రొయ్య పెంచినవారి గుండెల్లో రాయి పడింది.

సరుకు తెచ్చుకోవడానికీ, అమ్ముకోవడానికీ ఒక్క దారినే నమ్ముకుంటే నష్టం డెల్టాకే. దేశవాళీ తల్లి రొయ్యలు, కొత్త దేశాల బేరాలు, మన సొంత వాడకం: ఈ మూడింటి లెక్కా ఈ సంచికలో చూడండి. ఇన్ని చెరువుల నడుమ ఉన్న బెజవాడ వంటింటికి రొయ్య ఇంకా ఆదివారపు చుట్టమే ఎందుకో మీరూ రాయండి.

– సంపాదకుడు