బాలింతకు బాసట

ప్రతివత్సరమును ఆగస్టు మొదటి వారమున తల్లిపాల వారోత్సవములు జరుగుచున్నవి. 1990 ఆగస్టు 1వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున పలు రాజ్యముల ప్రతినిధులు చేసిన ప్రకటనకు స్మారకముగా 1992 నుండి లోకమంతటను ఈ వారము నడచుచున్నది. కర్నూలునను, కడపలోను గోడలపై చిత్రములు వెలయును, సభలు కూడును, తల్లిపాలు అమృతమని వక్తలు సెలవిత్తురు, పిమ్మట ఎవరి యిండ్లకు వారు పోవుదురు. తల్లిపాలు అమృతమని తల్లికి తెలియదా? తెలిసియు ఇయ్యలేకపోవుచున్న దెందువలన? పదునైదు దినముల పసికందును ఒడిలో నుంచుకొని, “నాకు పాలు చాలవేమో” యని లోలోన కుములుచున్న బాలింతకు ఆ సభవలన చేరిన దేమి? ఆమెకు మనము ఉపదేశము పుష్కలముగా చేసితిమి; సాయము చేసినది స్వల్పము. ఈ దినమున మేము చదువరులకు మనవి చేయదలచినది ఈ భేదమును గుఱించియే.

విషయమునందు వివాదము లేదు. బిడ్డ పుట్టిన గంటలోపల రొమ్ము నందింపవలెను. ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప మఱేమియు పెట్టరాదు. ఆపైన ఇతరాహారముతోపాటు రెండేండ్లవఱకును, అటుతర్వాతను పాలియ్యవచ్చును. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ మతము. మన ప్రభుత్వ మతమును అదియే. ఈ క్రమము లోకమున సర్వత్ర నెఱవేరినచో ఏటేట సుమారు 8,23,000 మంది శిశువులు మృత్యువాత పడకుండ బ్రతుకుదురని 2016లో లాన్సెటు అను వైద్యపత్రిక లెక్క తేల్చినది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున గంటలోపల రొమ్ము దొరకిన శిశువులు 100కి 41.8 మంది మాత్రమే. ఆఱు నెలల లోపు పసివారిలో కేవలము తల్లిపాలతో పెరుగువారు 63.7 మంది. కాన్పులు దాదాపన్నియు ఆసుపత్రులలోనే జరుగుచున్న ఈ కాలమున గంటలోపలి పాలు సగముమందికైన లేకపోవుట యెట్టి విపరీతము!

కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. ఆ పరిశీలనయందే ఆంధ్రప్రదేశమున 100 కాన్పులలో 42 శస్త్రచికిత్సతో జరిగినవని తేలినది. కడుపుకోతతో మంచము పట్టిన తల్లి తనంత తాను ప్రక్కకు తిరుగలేదు. బిడ్డను తెచ్చి రొమ్మునకు చేర్చి, తల నిలిపి, నోరు పట్టించు చేయి యొకటి కావలెను. దాదులు కొందఱు, మంచములు పెక్కు. ఆ చేయి దొరకని రెండుమూడు గంటలలోనే సీసా ప్రవేశించును. ఒకసారి ప్రవేశించిన సీసాను సాగనంపుట సులభము కాదు. ఆసుపత్రులలోను పల్లెలలోను తల్లులకు ఈ సాయము నేర్పుటకై 2016లో కేంద్రప్రభుత్వము ‘మా’ యను కార్యక్రమము నారంభించినది. సంకల్పము మంచిది. కాని దాని విలువ శిక్షణపత్రములలో లేదు. ప్రసవమైన మొదటి గంటలో ఆ మంచముచెంత ఒక మనిషి నిలుచుటలో నున్నది.

ఇక ఇంటి మాట. ముఱ్ఱుపాలు మంచివి కావని పిండి పాఱబోసి, మూడు దినములు చక్కెరనీళ్ళు, తేనె, ఆముదము, గాడిదపాలు పోయు నాచారము ఇంకను పూర్తిగా పోలేదు. పెద్దలమీద మాకు గౌరవము కలదు. ప్రసవమైన మూడు నాలుగు రాత్రులకు పాలు చేపునని సుశ్రుతసంహిత చెప్పినది. అంతవఱకు తేనెయు నేయియు నాకింప విధించినది. పూర్వులు కంటికి గనబడినదానిని వ్రాసిరి. సూక్ష్మదర్శని వారికి లేదు. ఆ చిక్కని పసుపుపచ్చని పాలలో శిశువును రోగములనుండి కాపాడు ద్రవ్యములు నిండి యున్నవని నేడు మనకు తెలిసినది. కొద్దిపాటి చెంచాల పరిమాణమే యైనను, అప్పుడే పుట్టిన బిడ్డ చిన్ని పొట్టకు అదియే చాలును. తేనెలో నుండదగిన యొక సూక్ష్మజీవి యేడాది నిండని బిడ్డకు ప్రాణాపాయకరమగు విషబాధ గలిగింపగలదనియు తెలిసినది. తెలిసిన పిమ్మటను మానకుండుట శాస్త్రభక్తి కాదు. మన రైతు చూడి యావు ఈనిన నాడు ఏమి చేయును? దూడ లేవలేక యున్నచో తానే పట్టి పొదుగునకు చేర్చును. జున్నుపాలు దూడకు అందినవని చూచుకొనిన తర్వాతనే తాను నిద్రించును. దూడకు జరుగు న్యాయము మనుమనికి జరుగవలదా?

మఱియొక భయము మన సీమకు ప్రత్యేకమైనది. రోహిణికార్తె యెండలలో కర్నూలు, కడపలు కొలిమివలె కాలును. బిడ్డ నాలుక యెండిపోవునని నీరు పోయుదురు. తల్లిపాలలో 100కి సుమారు 88 పాళ్ళు నీరే. ఎండ యెక్కువైనపుడు బిడ్డ మఱి రెండు మార్లు అడుగును. ఇచ్చినచో దాహము తీఱును. నీరు త్రాగవలసినది తల్లి. కాని పథ్యము పేర ఆమెకే నీరు కొలిచి యిచ్చుచున్నాము! కూర వలదు, పప్పు వలదు, కారపుపొడితో పిడికెడన్నము చాలునందురు. పాలిచ్చు తల్లికి మొదటి ఆఱు నెలలు మామూలు భోజనముపైన దినమునకు సుమారు 600 కేలరీల ఆహార మధికముగా కావలెనని మన భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. సంగటిముద్ద, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, వేరుసెనగలు, గ్రుడ్డు, పాలు మన సీమలో దొరకనివి కావు. వెల్లుల్లికారము, బాలింత కాయము పెట్టు అత్తగారి ప్రేమను మేము శంకింపము. ఆ ప్రేమ కంచమునిండ వడ్డింపవలెనని మాత్రమే మా కోరిక.

పాలు చాలవను దిగులే పాలకు పరమశత్రువు. బిడ్డ చప్పరించినకొలది ప్రొలాక్టిన్ అను రసము తల్లి నెత్తుటిలో పెరిగి పాలు ఊఱును; ఆక్సిటోసిన్ అను మఱియొక రసముచేత పాలు చేపును. భయము, నొప్పి, అవమానము ఈ రెండవదానిని అడ్డగించును. ఈ సంగతి పాడి గలవారికి క్రొత్త కాదు. బెదరిన యావు ఎగచేపునని చిన్నపిల్లవానికిని తెలియును. అందుకే పాలు పిదుకువేళ దానిని అదలింపరు, మెడ నిమురుదురు. మఱి కోడలివద్ద మన మాటలెట్లున్నవి? “దీని కేమి పాలున్నవి? బిడ్డ చూడు, ఎట్లు ఏడ్చుచున్నదో!” ఏడుపంతయు ఆకలియే కాదు. దినమున కాఱుసార్లో అంతకు మించియో మూత్రము పోయుచు, తూకము పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నవనియే యర్థము. మాట యౌషధ మగుట కవిత్వము కాదు, శరీరధర్మము. “నీకు పాలున్నవమ్మా, బిడ్డ నిట్లు పట్టుము” అని చెంత కూర్చుండి చెప్పు నొక యనుభవశాలినివలన గలుగు మేలు ఏ డబ్బాయందును లేదు. 1956లో అమెరికాలోని ఇలినాయి రాష్ట్రమున ఏడుగురు గృహిణులు కూడి, తల్లులకు తల్లులే తోడు కావలెనని లా లేచే లీగు నేర్పఱచిరి. అది పలుదేశములకు వ్యాపించినది. మన పల్లెలలో ఆశా కార్యకర్తయు, అంగన్‌వాడీ సోదరియు, పొదుపుసంఘపు స్త్రీలును ఉన్నారు. ఈడేర్చిన తల్లు లిద్దఱు ప్రతి క్రొత్త బాలింత యింటికి మొదటి పది దినములలో నాలుగు మార్లు పోయి కూర్చుండుటకు ధనము అక్కఱలేదు.

కాని ఇంతవఱకు చెప్పినది ఇల్లు గలిగి, ఇంటిలో నిలువగల్గిన తల్లుల మాట. ఆదోని, ఆలూరు, కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, పత్తికొండ ప్రాంతముల మెట్టపల్లెలను చూడుడు. తుంగభద్ర చెంతనే పాఱుచున్నను, వానను నమ్మిన భూములే యెక్కువ. ఖరీఫు గడచినంతనే ఇండ్లకు తాళములు పడును. గుంటూరుసీమ మిరపకోతలకు కుటుంబములు కుటుంబములే సుగ్గికి పోవును. చంకబిడ్డ గల తల్లియు పోవును. కోతకూలి కోసినదానినిబట్టి ముట్టును గనుక, బిడ్డకు పాలిచ్చిన ప్రతి యరగంటయు కూలిలో కోత. ఘాటు నిండిన కళ్ళములదగ్గఱ, గుడారములలో, కారపుచేతులతో బిడ్డను ముట్టుకొనుటకును జంకుచు ఆ తల్లి కాలము గడుపును. ఊరి అంగన్‌వాడీలో వ్రాయించుకొన్న పేరు ఊరిలోనే నిలిచిపోవును. గ్రుడ్డును పాలును ఆమె వెంట రావు. పూర్వపు ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి కువైటునకు పోవు పనికత్తెల కథ వేఱు. పొరుగింటి పిల్లల నెత్తుకొనుటకై వారు తమ పిల్లలను అవ్వల చేతులలో పెట్టి సముద్రము దాటుచున్నారు. ఈ తల్లులకు వారోత్సవపు టుపన్యాసము ఏమి చేయగలదు?

చట్టము ఏమి చేసినది? 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టమును 2017లో సవరించి, మొదటి రెండు కాన్పులకు 26 వారముల జీతపు సెలవు నిచ్చిరి. 50 మంది పనివారున్నచోట శిశుగృహము నుంచవలెననిరి. బిడ్డకు 15 నెలలు నిండువఱకు పాలిచ్చుటకై దినమునకు రెండు విరామములు పూర్వమే యుండెను. ఈ హక్కులు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలోనికిని చేరినవి. సంతోషమే. కాని సెలవు పట్టీయే లేని కూలితల్లికి ఆ 26 వారము లెక్కడివి? 2013 నాటి ఆహార భద్రతా చట్టము గర్భిణులకును బాలింతలకును 6,000 రూపాయలకు తక్కువ కాని సహాయమును హక్కుగా చెప్పినది. 2017లో వచ్చిన మాతృవందన పథకము మొదటి బిడ్డకు 5,000 రూపాయలుగా నిర్ణయించినది. ఆఱు నెలలు బిడ్డను విడువక పాలిమ్మని ఆజ్ఞాపించు రాజ్యము, ఆఱు నెలల కూలిలో ఎన్నవ వంతు నిచ్చుచున్నదో తానే లెక్క చూచుకొనవలెను.

రాజ్యమును అడుగుదము. కాని మన చేతిలోనిదానిని మఱువరాదు. ఈ పత్రికను చదువువారిలో భూములు గలవారు పెక్కుమంది కలరు. వారికి మా మనవి యిది: మీ చేనిగట్టున వేపచెట్టునకు చీరెతో ఉయ్యెల కట్టుకొను స్వేచ్ఛ మాత్రమే చాలదు. నీడగల చోటును, కుండెడు చల్లనినీళ్ళును, పిల్లలను కాచు నొక ముసలమ్మకు కూలియు ఏర్పఱుపుడు. ఐదుగురు పిల్లలు చేరినచోట వారిని చూచుట కొక స్త్రీని నియమింపవలెనని 2005 నాటి ఉపాధిహామీ చట్టమే విధించి యుండెను. ప్రభుత్వపుబనికి తగినది సొంతచేనికి తగదా? పాలిచ్చిన వేళకు కూలి తగ్గింపకుడు. దిన మొక్కింటికి ఆ నష్ట మెంత? ఆ బిడ్డ వాంతిభేదులతో పడినచో తల్లి పనికి రాని దినము లెన్ని?

పట్టణవాసులకు మఱియొక మాట. 1939లోనే సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు సింగపూరున డబ్బాపాల ప్రచారము శిశుహత్యయే యని నిర్భయముగా చాటినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల విక్రయమునకు నియమావళి నేర్పఱచగా 118 దేశములు ఒప్పుకొన్నవి. ఎదురు నిలిచినది అమెరికా యొక్కటి. మన దేశమున 1992 చట్టము, 2003 సవరణము డబ్బాపాలకును పాలసీసాలకును ప్రకటనలను నిషేధించినవి. నమూనాలు పంచుట, వైద్యులకు కానుక లిచ్చుట నేరములు. నంద్యాల, ప్రొద్దుటూరు అంగళ్ళలో ఈ చట్టము తెలిసిన వర్తకు లెందఱు? తెలిసికొని పాటించుట వర్తకధర్మము. పొడి కొనలేక నీళ్ళు కలిపి పలుచన చేసి త్రాగించు పేదయింటిలో ఆ డబ్బా అన్నము కాదు, ఆకలియే.

పాలియ్యలేని తల్లులును కలరు. రోగముచేతనో, మందులచేతనో, బిడ్డ నెల తక్కువగా పుట్టుటచేతనో వారికి విఘ్నము కలుగును. వారిని నిందించు నోళ్ళు మూతపడవలెను. 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజు స్థాపించిన తల్లిపాల నిధి మన ఖండముననే మొదటిది. 2017లో హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలో ‘ధాత్రి’ వెలసినది. ఒక తల్లి పాలు మఱియొకరి బిడ్డను బ్రతికించుటకంటె గొప్ప దాన మేది? సీమలోని ప్రతి పెద్దాసుపత్రిలోను అట్టి నిధి యుండవలెనని మేము కోరుచున్నాము.

కోరిక లెక్కువ కావు. ప్రసవమైన మొదటి గంటలో మంచముచెంత ఒక చేయి. ఇంటిలో ఒక మంచిమాట, నిండుకంచము. చేనిలో నీడ, కోత లేని విరామము. సుగ్గికి పోయిన తల్లి వెంట పోవు అంగన్‌వాడీ కార్డు. వీనిలో మూడు మన యిండ్లలోను మన చేలలోను నేడే జరుగదగినవి. నాల్గవదానికై గ్రామసభలో లేచి అడుగవలెను. కఱవునకు వెఱవని సీమ యిది. ధాతకఱవులో పిల్లలను బ్రతికించుకొన్న తల్లుల వంశమువారమే మన మందఱము. ఆ ఋణము నోటిమాటతో తీఱదు. బాలింత ప్రక్కన కూర్చుండి తీర్పవలెను.