మన పురుగులకు పుస్తకమెక్కడ?

కొల్లేటి నీటిపై తూనీగలాడుట చూడని విద్యార్థి మన యేలూరులో నుండడు. ఆ తూనీగ రెక్కలు రాకమునుపు నీటిలోనే పెరుగుననియు, దోమపిల్లలను తినుననియు నెరిగినవారు మాత్రము కొలదిమంది. ఇందుకు విద్యార్థిని నిందింప బనిలేదు. "ఇది చూచి పోల్చుకొనుము" అని వాని చేతికీయదగిన తెలుగు పుస్తకము బడి బీరువాలలో అరుదు.

గ్రంథములు లేకపోలేదు. 1914లో ఫ్లెచరు దొర చెన్నపట్టణమున దక్షిణదేశపు పురుగులను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఫ్రేజరు దొర తూనీగలకే 1933 మొదలు 1936 వరకు మూడు సంపుటములు వ్రాసెను. రామకృష్ణయ్యరు గారి చేతిపుస్తకము 1940 నాటిది. 2009లో సుబ్రహ్మణ్యము గారు రంగుబొమ్మలతో తూనీగల పుస్తకము వెలువరించిరి. అన్నియు ఇంగ్లీషున నున్నవే. రెక్కలోని యీనెలను లెక్కించి జాతిని తేల్చు పద్ధతి పండితులకు జెల్లును గాని, గట్టుమీద నిలుచున్న బాలునకు జెల్లదు.

ఇక వీడియోలు. తెలుగులో నవి కావలసినన్ని గలవు. కాని మేము చూచినవానిలో పెక్కు, ఏ పురుగునకు ఏ మందు అని చెప్పునవే. పురుగు ముఖము రెండు క్షణములు, మందుడబ్బా రెండు నిమిషములు! ఇట్టివి చూచి పెరిగిన పిల్లవానికి పురుగనగా చంపదగినదను తలపు తప్ప వేరొకటి కలుగునా?

దీనివలన నష్టము మాటలలోనిది కాదు, చేలలోనిది. మన డెల్టా వరికి సుడిదోమ బద్ధశత్రువు. దుబ్బు మొదట చేరి రసము పీల్చును. చేను సుడులు సుడులుగా నెండును. పేరు నందుండియే వచ్చినది. అదే దుబ్బు మొదట పచ్చని చిన్న పురుగొకటి తిరుగుచుండును. అది సుడిదోమ గ్రుడ్లను వెదకి పీల్చివేయును. శాస్త్రజ్ఞులు దానిని మిరిడ్ నల్లి యందురు. (నల్లి యను పేరే దాని ప్రాణమునకు ముప్పని మా యనుమానము.) రెంటిని పోల్చలేని రైతు తొందరపడి మందు చల్లును. మిత్రుడు చచ్చును, ఆకుతొడిమలో దాగిన శత్రువు గ్రుడ్లు మిగులును, కొన్ని మందులు చల్లినపిమ్మట సుడిదోమ మునుపటికంటె హెచ్చగుట అనేక దేశములలో కనుగొనబడినదే.

తోటలలోను ఇదే చిక్కు. ఎఱ్ఱ ముక్కుపురుగు కొబ్బరిచెట్టు మానును తొలిచి కూల్చును. ఆయిల్ పాం తోటలో తిరుగు చిన్న ముక్కుపురుగో, ఆఫ్రికా జాతిది, 1985లో మన దేశమునకు కోరి తెప్పించినది. మగపూల పుప్పొడిని ఆడపూలకు జేర్చి గెలలు నిండించునది అదియే. ముక్కు చూచి శత్రువని చంపినచో గెల తాలుపోవును.

కావున పోల్చుకొనుటకు పుస్తకము, నడవడి నేర్చుటకు వీడియో, రెండును వలయునని మా యభిప్రాయము. పరుగెత్తు బొమ్మలో మచ్చలు లెక్కింపలేము. నిలిచిన బొమ్మలో సుడిదోమ గంతు, మిరిడ్ నల్లి వెదకులాట కానరావు. ఇందులకు పండితులకు దూరము పోనక్కరలేదు. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయమును, పెదవేగిలో ఆయిల్ పాం పరిశోధన సంస్థయు, మార్టేరులో వరి పరిశోధనా స్థానమును గలవు. వారు సరిచూచుటకు సమ్మతించిన, బొమ్మలు దీయుటకు మన విద్యార్థుల చేతిలో ఫోనులున్నవి.

పుస్తకమును లాటిను పేర్ల వరుసను గాక కార్తెల వరుసను కూర్చవలెను. అప్పుడు తొలివానకు వెలువడు ఆరుద్రపురుగుకు ముందే చోటు దొరకును. పెరిగిన ఆరుద్రపురుగునకు కాళ్లెనిమిది. శాస్త్రరీత్యా అది కీటకమే కాదు, సాలెపురుగుకు జ్ఞాతి. ఆ మాట బొమ్మ క్రింద వ్రాసి, దానిని మాత్రము పుస్తకములో నుండనీయవలెను. మకమలు బట్టవంటి ఆ యెఱ్ఱని వీపును వేలితో నొకమారు నిమురని పిల్లవాడు మన యూళ్లలో లేడుగదా!